వేపపుల్ల నుంచి నానోసెల్యులోజ్ వరకు

తెల్లవారి లేచి వేపపుల్లతో పళ్ళు తోముకున్న వారందరికీ ఒక సంగతి అనుభవమే. మొదట పుల్ల గట్టిగా ఉంటుంది. నమలగానే నోటినిండా చేదు ఊరుతుంది. నాలుగైదు నిమిషాలకు ఆ కొన మెత్తబడి, పోగులుగా విడివడి కుంచె అవుతుంది. ఇంకా కొంతసేపు నమిలితే చేదు క్రమంగా తగ్గిపోయి, చివరకు రుచి లేని పీచు మాత్రమే మిగులుతుంది. మిస్వాక్ అనే మాట అసలు అరబ్బు దేశాల పీలు చెట్టుకు చెందినదైనా, మన ఉర్దూ గృహాలలో వేపపుల్లకు కూడా ఆ పేరు నిలిచిపోయినది. పేరు ఏదైనా జరిగే పని ఒక్కటే. దంతాలు మర అయినవి, లాలాజలం ద్రావణి అయినది. నార విడిపోయినది, చేదు వెళ్ళిపోయినది.

ఈ రెండు ఫలితాలలో మొదటిదాన్ని ఆధునిక విజ్ఞానం చాలా దూరం తీసుకొనిపోయినది. కలప నుంచి నారను, నార నుంచి అతి సూక్ష్మమైన సెల్యులోజ్ కణాలను వేరుచేసి, వాటికి నానోసెల్యులోజ్ అని పేరు పెట్టినది. రెండవదానిని మాత్రం, అనగా చేదు వెళ్ళిపోవడాన్ని, చాలామంది మరచిపోతున్నారు. ఔషధ వృక్షం నుంచి తీసిన నానోసెల్యులోజ్ గనుక దానిలో కూడా ఔషధగుణం ఉండి తీరుతుందన్న నమ్మకం విద్యార్థుల ప్రాజెక్టు పుస్తకాలలో తరచు కనిపిస్తున్నది. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడవలెనంటే, ముందు కలప నిర్మాణం తెలుసుకోవాలి.

కలపను కంటితో చూస్తే ఒకే ముద్దగా కనిపిస్తుంది. సూక్ష్మదర్శినిలో అది సన్నని గొట్టాల కట్ట. వేప వంటి వెడల్పాటి ఆకుల చెట్లలో ఒక్కొక్క నార సుమారు 1 మిల్లీమీటరు పొడవు. దేవదారు, పైను వంటి శృంగాకార వృక్షాలలో 3 లేక 4 మిల్లీమీటర్లు. వెడల్పు మాత్రం మిల్లీమీటరులో యాభయ్యవ వంతు ప్రాంతం. ఈ గొట్టాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పదార్థం లిగ్నిన్. నార గోడలో మూడు ముఖ్య పదార్థాలున్నవి. సెల్యులోజ్ కలప బరువులో 40 నుంచి 50 శాతం వరకు ఉంటుంది. తక్కిన భాగంలో అధికం హెమిసెల్యులోజ్, లిగ్నిన్. ఇంటి స్లాబుతో పోల్చితే సెల్యులోజ్ ఇనుప కడ్డీలు, లిగ్నిన్ సిమెంటు, ఆ రెంటినీ కట్టిపట్టే తీగ హెమిసెల్యులోజ్. ఇవి కాక రంగు, వాసన, చేదు, జిగురు మొదలైనవి స్వల్ప పరిమాణంలో ఉంటవి. ఇవి గోడ నిర్మాణంలో భాగం కావు. కణాలలోను, రంధ్రాలలోను చేరి ఉంటవి. చెట్టుకు స్వభావం ఇచ్చేవి మాత్రం ఇవే. వేప వేప అయినది వీటివల్లనే.

1838లో ఫ్రెంచి రసాయనవేత్త ఆన్సెల్మ్ పయెన్ వివిధ వృక్షాల కణజాలాన్ని ఆమ్లాలతోను, క్షారాలతోను శుద్ధి చేసి చూసినాడు. ఏ చెట్టు తీసుకున్నా చివరకు మిగిలే తెల్లని పదార్థం ఒకే సంఘటనతో ఉన్నది. దానికే సెల్యులోజ్ అన్న పేరు స్థిరపడినది. ఏ చెట్టు తీసుకున్నా అన్నది పాఠకులు జ్ఞాపకముంచుకోవలసిన మాట.

సెల్యులోజ్ అణువు గ్లూకోజ్ యూనిట్ల గొలుసు. కలపలో ఒక గొలుసుకు దాదాపు 10,000 యూనిట్లు ఉండవచ్చు. పిండిపదార్థం కూడా గ్లూకోజ్ గొలుసే అయినా, సెల్యులోజ్‌లో ఒక యూనిట్ తరువాతది తలక్రిందులుగా అతికి ఉంటుంది గనుక గొలుసు మెలికపడక తిన్నగా సాగుతుంది. తిన్నని గొలుసులు పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో పట్టుకొంటవి. అట్లా కొన్ని గొలుసులు చేరి ఏర్పడిన పోగు వెడల్పు 3 లేక 4 నానోమీటర్లు. మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తలవెంట్రుక మందం 80,000 నానోమీటర్ల ప్రాంతం. పల్లెలో తాడు పేనడం చూసినవారికి ఈ ఏర్పాటు సులభంగా అర్థమవుతుంది. పీచు చేరి పురి, పురులు చేరి తాడు. అదే విధంగా గొలుసులు చేరి సూక్ష్మపోగు, సూక్ష్మపోగులు చేరి నార గోడ.

ఈ సూక్ష్మపోగు అంతటా ఒకే తీరుగా ఉండదు. కొంత భాగం గొలుసులు చక్కగా పేర్చిన స్ఫటికాకార ప్రదేశం. మధ్య మధ్య క్రమం చెదిరిన చోట్లున్నవి. స్ఫటిక భాగపు దృఢత్వం గొలుసు వెంట సుమారు 140 గిగాపాస్కళ్ళు. ఉక్కుకు అది 200. అయితే ఉక్కు సాంద్రత సెల్యులోజ్‌కు అయిదు రెట్లు. బరువుకు బరువు తూచితే గెలుపు చెట్టుదే.

ఇక నారను వేరుచేసే పని. దీనిని డిగ్రీ విద్యార్థులు వృక్షశాస్త్ర ప్రయోగశాలలోనే చేయవచ్చును. అగ్గిపుల్ల మందాన వేప కలప చీలికలు తీసుకొని, లోపలి గాలి పోయి అవి మునిగేవరకు నీటిలో మరిగించాలి. తరువాత గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం సమభాగాలుగా కలిపిన మిశ్రమంలో వేసి 60 డిగ్రీల వేడిమి వద్ద ఒకటి రెండు రోజులు ఉంచాలి. ఇది 1945లో ఫ్రాంక్లిన్ ప్రకటించిన పద్ధతి నుంచి వచ్చినది. ఆ మిశ్రమంలో పుట్టే పెరాసిటిక్ ఆమ్లం లిగ్నిన్‌ను ఛేదిస్తుంది, సెల్యులోజ్ జోలికి అంతగా పోదు. చీలికలు తెల్లబడి మెత్తబడిన పిదప బాగా కడిగి, కొంచెం నీటితో పరీక్షనాళికలో వేసి ఊపితే కలప తనంతట తానే విడిపోతుంది. ఒక చుక్క సాఫ్రనిన్ రంగు వేసి గాజుపలకపై చూస్తే, సూదుల వంటి నారలు, పొట్టిగా వెడల్పుగా పీపాల వలె ఉండే నాళిక కణాలు, ఇటుకల వంటి మృదుకణాలు వేరువేరుగా కనిపిస్తవి. నాళిక మూతిని బిగించి వేడిచేయరాదు. లోపల వాయువు పుట్టి నాళిక పగులుతుంది. ఆవిరులను బయటకు లాగే గూడు లేని గదిలో ఈ ప్రయోగం చేయరాదు. మన కళాశాలల కమిటీ పెద్దలు ఖరీదైన యంత్రాలకంటె ముందు ఆలోచించవలసినది ఆ గూడును గురించి అని నా అభిప్రాయం.

పరిశ్రమలో ఇదే పని టన్నుల లెక్కన జరుగుతున్నది. 1879లో జర్మన్ రసాయనవేత్త కార్ల్ డాల్ కనుగొన్న క్రాఫ్ట్ పద్ధతిలో కలప ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో 170 డిగ్రీల ప్రాంతంలో ఉడికిస్తారు. లిగ్నిన్ కరిగి నల్లని ద్రవమవుతుంది, గుజ్జు మిగులుతుంది. తెలుగులో కాగితం, ఉర్దూలో కాగజ్ రెండూ ఒకే పారసీక పదం నుంచి వచ్చినవి. ఆ మాటను తన పేరులోనే మోస్తున్న ఊరు మన కాగజ్‌నగర్. నిజాం పాలనా కాలంలో 1938లో స్థాపించబడిన సిర్పూర్ మిల్లు వల్ల కొత్తపేట కాగజ్‌నగర్ అయినది. ఆదిలాబాదు అడవుల వెదురు ఎన్నో ఏండ్లు అక్కడ గుజ్జుగా మారినది. ఆ మిల్లు 2014లో మూతబడి 2018లో తిరిగి తెరువబడినది.

అంతకు పూర్వం దక్కనులో కాగజీలు అనబడే ముస్లిం పనివారు చేతితో కాగితం చేసేవారు. పాత గుడ్డలను, నారను నానబెట్టి దంచేవారు. ఎంత దంచితే కాగితం అంత గట్టిదని వారికి తెలుసు. దంచడంవల్ల నార పైపొర నూగుగా చీలి, నూగుకు నూగు పెనవేసుకొంటుందని సూక్ష్మదర్శిని తరువాత చెప్పినది. ఆ నూగే నానోసెల్యులోజ్‌కు తొలి రూపం.

దంచడాన్ని చివరిదాకా తీసుకొనిపోతే ఏమగును? 1970ల చివర అమెరికాలోని రేయోనియర్ సంస్థలో ఆల్బిన్ టర్‌బాక్, సహచరులు పాలలోని వెన్నను సమంగా కలిపే యంత్రంలో కలప గుజ్జును మహాపీడనంతో పదే పదే పంపినారు. గుజ్జు చిక్కని జెల్లుగా బయటికి వచ్చినది. ఆ ఫలితం 1983లో ప్రకటితమైనది. అయితే విద్యుత్తు ఖర్చు విపరీతం. 2006లో టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఇసొగై, త్సుగుయుకి సైతో తదితరులు టెంపో అనే ఉత్ప్రేరకంతో నార ఉపరితలంపై ఋణావేశం గల సముదాయాలను కల్పించి, పోగులు పరస్పరం వికర్షించుకొనేటట్లు చేసినారు. ఆపైన స్వల్పంగా చిలికితేనే నార విడిపోయి పారదర్శకమైన జెల్లు వచ్చినది. ఈ కృషికి 2015లో వారికి, యోషిహారు నిషియామాకు కలిపి మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి లభించినది.

విద్యార్థులు ఎక్కువగా చేపట్టేది మరొక మార్గం, ఆమ్ల మార్గం. 1949 ప్రాంతంలో స్వీడన్‌లోని ఉప్సలాలో బెంగ్ట్ రోన్‌బీ గంధకికామ్లంతో సెల్యులోజ్‌ను విచ్ఛేదించి, అడుగున దిగని సూక్ష్మకణాలను పొందినాడు. వేప కలపతో ఆ మార్గం నడిచే తీరు ఇట్లా ఉంటుంది. కలపను పొడిచేసి జల్లించి, మొదట ఆల్కహాలు వంటి ద్రావణితో సాక్స్‌లెట్ పరికరంలో కొన్ని గంటలపాటు కడుగుతారు. రంగు, జిడ్డు, చేదు ఆ ద్రావణిలోకి దిగిపోతవి. తరువాత 4 లేక 5 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో 80 డిగ్రీల వద్ద ఉడికిస్తే హెమిసెల్యులోజ్‌లో అధికభాగం, లిగ్నిన్‌లో కొంత కరుగుతవి. గోధుమరంగు పీచును ఆమ్లీకృత సోడియం క్లోరైట్‌తో పలుమార్లు తెల్లబరుస్తారు. ఇందులో పుట్టే క్లోరిన్ డైఆక్సైడ్ విషవాయువు. అధ్యాపకుని పర్యవేక్షణ లేక ఈ మెట్టు ఎక్కరాదు. చివరకు మిగిలిన తెల్లని గుజ్జును బరువులో 64 శాతం గాఢత గల గంధకికామ్లంలో 45 డిగ్రీల వద్ద సుమారు 45 నిమిషాలు కలుపుతారు. ఆమ్లాన్ని నీటిలో పోయాలి గాని నీటిని ఆమ్లంలో పోయరాదన్న పాఠం ఇక్కడ ప్రాణరక్షకం.

ఆ 45 నిమిషాలలో ఆమ్లం క్రమం చెదిరిన ప్రదేశాలలోకి చొరబడి గొలుసులను తెంపుతుంది. స్ఫటిక భాగం బిగుతుగా ఉన్నందున దానిలోనికి త్వరగా పోలేదు. ఆలస్యం చేస్తే అదీ కరిగి చక్కెర అవుతుంది, మరీ ఆలస్యమైతే నల్లబడుతుంది. కనుక గడియారం చూచి మిశ్రమాన్ని పదిరెట్ల చల్లని నీటిలో పోసి చర్యను ఆపాలి. అపకేంద్ర యంత్రంలో తిప్పి ఆమ్లం తీసివేస్తూ కడిగితే ఒక దశలో పైనీరు తేరుకోక పాలవలె మసకబారుతుంది. ఆ మసకయే నానోస్ఫటికాలు వచ్చినవనడానికి మొదటి గుర్తు. పిమ్మట పలుచని పొర సంచిలో పోసి స్వేదనజలంలో రోజుల తరబడి ఉంచి మిగిలిన ఆమ్లాన్ని తొలగిస్తారు. కలప స్ఫటికాలు 3 నుంచి 5 నానోమీటర్ల వెడల్పు, 100 నుంచి 200 నానోమీటర్ల పొడవు గల కడ్డీలు. వాటి ఉపరితలంపై అతికిన సల్ఫేటు సముదాయాల ఋణావేశం వాటిని దూరదూరంగా ఉంచి, అడుగున దిగకుండా కాపాడుతుంది. ఒకదానికొకటి అడ్డంగా ఉంచిన రెండు ధ్రువణ ఫలకాల మధ్య ఆ సీసాను ఊపి చూస్తే ఇంద్రధనుస్సు రంగులు కదులుతవి. గాఢత పెరిగితే ఆ కడ్డీలు తమంతట తామే మెట్లు తిరిగినట్లు సర్దుకొంటవని 1992లో కెనడాలో రెవోల్, డెరెక్ గ్రే బృందం చూపినది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లేని కళాశాలలో కూడా ఆ రంగులు కనబడుతవి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. వేప ఔషధమంతా ఎక్కడున్నది? దీనికి సమాధానం వెదికిన మొదటి ఆధునిక రసాయనవేత్తలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఒకరు. హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహంతో ఢిల్లీ తిబ్బియా కళాశాలలో పరిశోధనకు పూనుకొని, సర్పగంధి నుంచి తీసిన పదార్థానికి తన గురుతుల్యుని పేరిట అజ్మలీన్ అని పేరుపెట్టిన వ్యక్తి ఆయన. 1942లో వేపనూనె నుంచి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అనే చేదు పదార్థాలను వేరుచేసినారు. కీటకాలను ఆకు ముట్టనీయని అజాడిరాక్టిన్‌ను 1968లో బటర్‌వర్త్, మోర్గాన్ వేపగింజల నుంచి తీసినారు. ఇవన్నీ ఆల్కహాలు వంటి ద్రావణులలో కరిగేవి. అధికంగా గింజలోను, నూనెలోను ఉండేవి. సాక్స్‌లెట్ పరికరంలో మొదటి గంటలలోనే మనం కడిగి పారబోసినవి ఈ జాతి పదార్థాలనే. ఒకవేళ ఏదైనా మిగిలినా దాని తరువాత క్షారం, క్లోరైట్, గాఢామ్లం వరుసగా వచ్చి పడినవి. ఆ మూడింటికీ తట్టుకొని నిలిచేది సెల్యులోజ్ ఒక్కటే. అది పత్తిలోను, వెదురులోను, వేపలోను ఒకే గ్లూకోజ్ గొలుసు.

కనుక వేప నానోసెల్యులోజ్ సూక్ష్మజీవులను చంపినదని ఒక విద్యార్థికి ఫలితం వచ్చినచో, మొదట సంతోషించక అనుమానించాలి. ఆమ్లం పూర్తిగా కడగబడలేదేమో, క్లోరైట్ మిగిలినదేమో, శుద్ధి అసంపూర్ణమై చేదు నిలిచినదేమో చూడాలి. తేల్చే ఉపాయం సులభం. అదే రోజు, అదే ఆమ్లంతో, అదే పద్ధతిలో పత్తి నుంచి కూడా నానోసెల్యులోజ్ తీసి, రెండింటినీ ఒకే పరీక్షకు పెట్టాలి. రెండూ ఒకే విధంగా ప్రవర్తిస్తే వేపకు ప్రత్యేకత లేదని తేలినట్లే. ఈ జోడు పరీక్ష లేని పుస్తకం ఎంత అందంగా అట్ట వేసినా అసంపూర్ణమే. వేప పేరు బజారులో అమ్ముడుపోతుందన్నది నిజమే. ఆ పేరుపై మోజు ఎంతటిదంటే, వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతికి ఐరోపా పేటెంటు కార్యాలయం 1994లో ఒక పేటెంటునే ఇచ్చినది. అది మన రైతులకు ముందే తెలిసిన పని అని సాక్ష్యం చూపిన తరువాత 2000లో రద్దు చేసినది. 2005లో అప్పీలు కూడా కొట్టివేయబడినది. సాక్ష్యం మనవైపు ఉన్నప్పుడు గెలిచినాము. సాక్ష్యం లేని చోట కూడా వేప పేరు వాడుకోవడం మనకు తగదు.

అయితే వేప కలపతో ఈ పని వ్యర్థమా? కాదు. మొదటి మెట్టులో దిగిన ద్రావణిని పారబోయక ఆవిరిచేసి దాచినచో, చేదు ఒక సీసాలోను, నార ఒక సీసాలోను చేరుతవి. శుద్ధమైన నానోసెల్యులోజ్ జెల్లులోకి తెలిసిన పరిమాణంలో ఆ సారాన్ని తిరిగి కలిపి, అది ఎంత నెమ్మదిగా విడుదలవుతుందో కొలవవచ్చును. అప్పుడు ఔషధం వేపది, దానిని మోసే పాత్ర సెల్యులోజ్ అని నిజాయితీగా చెప్పవచ్చును. ముడిసరుకు కొరకు చెట్టును నరకరాదు. ఏటా కొట్టివేసే కొమ్మలు చాలు. 2021లో తెలంగాణలో అనేక వేపచెట్లు ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం సోకి కొమ్మల చివరల నుంచి ఎండుతూ వచ్చినప్పుడు, ఆ ఎండుకొమ్మలను కత్తిరించి కాల్చివేయమని సలహా. అటువంటి కొమ్మలు ఉడికే క్షారంలో పడితే నారగా మారగలవు. కొమ్మను కోసిన కత్తిని శుభ్రపరచకుండా మంచి చెట్టుకు తగిలించరాదు.

లాభనష్టాల లెక్క కూడా విద్యార్థి వేయాలి. గ్రాము గుజ్జుకు సుమారు 9 మిల్లీలీటర్ల 64 శాతం ఆమ్లం కావాలి. అందులో దాదాపు 9 గ్రాముల గంధకికామ్లం ఉన్నది. చేతికి వచ్చే స్ఫటికాలు సాధారణంగా గుజ్జులో సగానికి తక్కువే. అంటే గ్రాము స్ఫటికానికి 18 గ్రాముల ఆమ్లం. దానిని సున్నంతో నిర్వీర్యం చేస్తే 30 గ్రాములకు పైగా జిప్సం వస్తుంది. అందుకే పరిశ్రమలు ఆమ్లాన్ని తిరిగి పట్టుకొనే ఏర్పాట్లవైపు, యాంత్రిక మార్గంవైపు మొగ్గుతున్నవి. ముంబయిలోని కేంద్రీయ పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ పత్తి నుంచి నానోసెల్యులోజ్ తీసే ప్రయోగాత్మక కర్మాగారాన్ని నెలకొల్పినది. కాగితానికి బలం, ఆహారపు పొట్లాలలో ఆమ్లజని చొరబడని పొర, పుండ్లపై తడి కాపాడే కట్టు, రంగులకు చిక్కదనం మొదలైనవి ఈ పదార్థానికి ఆశిస్తున్న ఉపయోగాలు.

నిలువ చేయడంలో ఒక చిక్కున్నది. జెల్లులో నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది పాళ్ళు నీరే. ఎండబెట్టితే పోగులు ఒకదానికొకటి అతుక్కొని, తిరిగి నీటిలో వేసినా విడిపోవు. తడిగా ఉంచితే కొన్ని వారాలకు బూజు పడుతుంది. కనుక శీతలయంత్రంలో ఉంచుతారు, లేదా బూజును నిరోధించే రసాయనం ఒకటి రెండు చుక్కలు కలుపుతారు. వేప నుంచి తీసిన సీసాకైనా ఆ చుక్క వేయవలసినదే.